బెజ్జం లేని పెట్టె

పెళ్లయిన ఆరో రోజున కొత్తకోడలు ఒక రైల్వే స్టేషను మీద కూర్చుంది.

తప్పు పూర్తిగా ఆమెది కాదు. ఆ ఇంట్లో కుర్చీ కనిపిస్తే అది కూర్చోవడానికే అనుకోకూడదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. కుర్చీ మీద అట్ట, అట్ట మీద జిగురు ఆరుతున్న ప్లాట్‌ఫారం, రెండు బెంచీలు, ఒక కుళాయి, టిక్కెట్ల గది. వాటన్నిటి మీద దుమ్ము పడకుండా ఒక తువ్వాలు. కరకరమని చప్పుడయ్యేసరికి ఆమె ఎగిరి లేచి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ ఒకేసారి మొదలుపెట్టింది.

అత్తగారు వంటింట్లోంచి వచ్చి తువ్వాలు తీసి చూసింది. టిక్కెట్ల గది అప్పడమైపోయింది.

"పోనీలే అమ్మాయ్. రైలు రాకముందే కూర్చున్నావు. ప్రయాణికులెవరూ లేరు."

ఆ ఒక్క మాటతో కోడలు అత్తగారి మీద మనసు పారేసుకుంది. మొగుడి మీద ఎలాగూ పారేసుకునే ఉంది. ఇక ఆ ఇంట్లో ఆమె దగ్గర మిగిలిన మనసంటూ ఏమీ లేదు.

ఆ ఇంటి ముందుగదిలో జరిగే పని ఇది. ఎవరో ఒకరు వచ్చి, ఇక ఎప్పటికీ వెళ్లలేని చోటు గురించి చెబుతారు. కొత్తగా కాపురం పెట్టిన అద్దెగది, మూసేసిన బడి, కూలిన మేడ. అత్తగారు విని, ఆ చోటుని ఒక చెక్కపెట్టెలో కట్టి ఇస్తుంది. కొడుకు చెక్క కోస్తాడు, తీగలు లాగుతాడు, లోపల గోధుమగింజంత బల్బులు పెడతాడు. మిగతా లోకమంతా తల్లిదే. మంచాలు, మెట్లు, తాళంచెవులు, తీగ మీద ఆరేసిన చొక్కాలు, ఒక చొక్కాకి ఊడిపోయిన గుండీతో సహా.

పెట్టె లోతు మూరెడే. కానీ ముందువైపు గుండీ అంత బెజ్జం ఉంటుంది. దానికి కన్ను ఆనించి చూస్తే లోపల వీధికి వీధే పరుచుకుని ఉంటుంది. ఈ మాయకి అత్తగారు పెట్టుకున్న పేరు 'దగా'. దగ్గరి కుర్చీ బొటనవేలంత ఉంటే, వెనక కుర్చీ చిటికెనవేలి గోరంత. వెనక్కి పోయేకొద్దీ నేల పైకి లేస్తుంది, కప్పు కిందికి దిగుతుంది, గోడలు ఒకదాని వైపు ఒకటి జరుగుతాయి. చిట్టచివరి తలుపు అసలు తలుపే కాదు, రంగు. నీడలు కూడా రంగే.

"ఒంటికన్నుతో చూస్తే మనం దొరలం, రెండు కళ్లతో చూస్తే దొంగలం" అనేది అత్తగారు. అందుకే ఒక్కటే బెజ్జం. అందుకే ఆ ఇంట్లో ఒక్కటే చట్టం కూడా: పెట్టెలోకి బయటివాళ్ల చెయ్యి వెళ్లకూడదు.

కోడలు కాలేజీలో చరిత్ర చదువుకుంది. రాజ్యాలు పుట్టడం, కూలడం ఆమెకు బాగా తెలుసు. ఇక్కడ అవి బల్ల మీద పుట్టేవి, తుమ్మితే కూలేవి. పొద్దున్నే దుప్పటి దులిపితే బియ్యపుగింజంత చెప్పులజత రాలేది. "ఎవరివండీ ఇవి?" అని ఆమె మొగుణ్ణి నిలదీసేది. "నా మంచంలో ఎవరో చెప్పులు విప్పి వెళ్లారు!" అతను చెవులదాకా ఎర్రబడి, "అవి హెడ్మాస్టరు గారివి" అనేవాడు. ఇక ఆ పూటంతా ఆమెకు నవ్వే.

స్టేషను కూలిన తర్వాత అత్తగారు ఆమెకు ఒక పదవి ఇచ్చింది.

"నీకు దీపాల శాఖ ఇస్తున్నాను. పెట్టె చూడ్డానికి మనుషులొచ్చినప్పుడు వెనక స్విచ్చి వెయ్యడం, వెళ్లాక ఆపడం. నీకున్న అనుభవానికి ఇప్పటికి అంతే."

* * *

ఒకరోజు ఫ్యాన్లు బాగుచేసే మెకానిక్ వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, చొక్కా మీద గ్రీజు మరకలు. కూర్చోమంటే కుర్చీని ఒకసారి చేత్తో తడిమి మరీ కూర్చున్నాడు. ఈ ఇంటి కుర్చీల సంగతి బయట కూడా పాకిందన్నమాట.

"మా అక్క టైలరండీ" అన్నాడు. "అమ్మా నాన్నా నా చిన్నప్పుడే పోయారు. అక్కే పెంచింది. ముప్పై ఏళ్లు ఆ మిషను తొక్కి నన్నింతవాణ్ణి చేసింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు షాపు పోయింది. ఇప్పుడక్కడ రోడ్డే. అటు వెళ్లినప్పుడల్లా, ఒరేయ్, ఇప్పుడు మనం నా మిషను మీద నడుస్తున్నాం, అంటుంది."

"ఎలా ఉండేది షాపు?" అంది అత్తగారు, పెన్సిలు తీసి.

"సన్నగా, పొడుగ్గా. రైలుపెట్టె లాగా."

అత్తగారి కళ్లు మెరిశాయి. సన్నగా పొడుగ్గా ఉండేదేదైనా దగాకి పంచభక్ష్య పరమాన్నం.

"ఎక్కడ నించుని చూసినట్టుండాలి?"

"అక్క పొద్దున్నే తలుపు తీస్తుంది చూడండి, అలా. గుమ్మంలోంచి. ముందు కౌంటరు, తర్వాత గుడ్డల బీరువా, బట్టలు వేసుకుని చూసుకునే చిన్న గది, నిలువుటద్దం. ఆ చివర మిషను."

"మీ అక్కగారికి ఏ కన్ను బాగా ఆనుతుంది?"

ఈ ప్రశ్న అత్తగారు అందరినీ అడుగుతుంది. బెజ్జం ఎటువైపు పెట్టాలో దాన్ని బట్టే ఉంటుంది. మెకానిక్ మాత్రం వెంట తెచ్చిన షాపు ఫొటోల్ని ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి తిప్పాడు.

"కొంచెం మసకండీ. కుడికన్ను నయం అనుకుంటా."

"అయితే బెజ్జంలో భూతద్దం బిగిద్దాం. దీపం కాస్త పెంచుదాం" అంది అత్తగారు.

నలభై రోజులు పట్టింది. అత్తగారు ఆ పెట్టెకి పెట్టినంత దగా జన్మలో దేనికీ పెట్టలేదు. చివరి మిషను శనగగింజంత. దాని చక్రం చూడాలంటే ఊపిరి బిగబట్టాలి. నేల మీద కత్తిరింపుల్లో రాలిన గుడ్డముక్కల్ని ఒంటివెంట్రుక కుంచెతో మూడు రోజులు దిద్దింది. కోడలికి కూడా పని దొరికింది. పుల్లముక్కలకి దారం చుట్టి కౌంటరు మీద పెట్టే రీళ్లు చెయ్యడం. పదకొండు చేసింది. పన్నెండోది చేస్తుంటే మొగుడు వెనకనుంచి వచ్చి మెడ మీద ఊదాడు. రీలు ఎటో ఎగిరిపోయింది. అది ఇప్పటికీ దొరకలేదు. ఊదినవాడు మాత్రం దొరికాడు.

పని అయ్యాక ముగ్గురూ వంతులవారీగా బెజ్జంలో చూశారు. కోడలు కన్ను తియ్యలేకపోయింది. గుమ్మంలో నించుని, ఎవరో ఇప్పుడే లేచి వెళ్లిన షాపులోకి తొంగిచూసినట్టే ఉంది.

"నా పనుల్లో ఇదే మంచిది" అంది అత్తగారు, ఎవరితోనూ కాదన్నట్టు. ఆ మాట ఆమె నోట రావడం కొడుకు కూడా ఎప్పుడూ వినలేదట.

* * *

టైలరమ్మ పొడవైన మనిషి. తమ్ముడి చెయ్యి పట్టుకుని మెల్లగా లోపలికి వచ్చింది. "మోకాళ్లండీ, ఏం చేస్తాం" అంది నవ్వుతూ. కళ్లద్దాలు పెట్టుకుంది. జుట్టు నున్నగా దువ్వుకుంది. పెళ్లిచూపులకి వచ్చినంత ముస్తాబు.

కోడలు హడావుడిలో ఉంది. టీ తేవాలి, బల్ల సర్దాలి, నలభై రోజుల పని ఒక మనిషి కంట్లో పడే క్షణాన్ని ఎదురుగా నించుని చూడాలి. తమ్ముడు అక్కని స్టూలు మీద కూర్చోబెట్టి, కుడికన్ను బెజ్జానికి ఆనేలా తల సర్దాడు.

"అబ్బ!" అంది టైలరమ్మ. "ఒరేయ్! అదిగోరా నా కౌంటరు. అద్దం! బీరువాలో తానులు కూడా పెట్టారా! ఆ చివర మిషను చూడు, ఇప్పుడే తొక్కి లేచినట్టుంది. ఎంత బాగా చేశారమ్మా!"

మెకానిక్ జేబురుమాలుతో ముక్కు చీదుకున్నాడు. అత్తగారు ఏదో వెతుక్కుంటున్నట్టు గోడవైపు తిరిగింది. కోడలు కళ్లు తుడుచుకుని, తుడుచుకున్నందుకు సంతోషించింది.

పెట్టె ఇంటికి తీసుకువెళ్లాలి కదా. మెకానిక్ బండి తేవడానికి వెళ్లాడు, అడ్డపట్టీలు బిగించాలని మొగుడూ వెంట వెళ్లాడు. అత్తగారు పెట్టె చుట్టూ కూరడానికి గడ్డి తెస్తానని పెరట్లోకి వెళ్లింది. టైలరమ్మ స్టూలు మీద అలాగే కూర్చుంది. ఇక దీపం ఆపేద్దామని కోడలు పెట్టె వెనక్కి వెళ్లింది.

స్విచ్చి వేసి లేదు.

దీపాల శాఖ! ఒక్కటంటే ఒక్కటే పని! టీ గొడవలో పడి మర్చిపోయింది. ఇప్పుడు వేసింది. టక్‌మంది. పెట్టె చీలికల్లోంచి పచ్చటి వెలుగు బయటికొచ్చింది. అప్పుడు ఆమెకు రెండో సంగతి తట్టింది. దీపం లేకపోతే ఆ పెట్టెలో చీకటి తప్ప మరేమీ ఉండదు.

"ఇప్పుడా వేశావు అమ్మాయ్?" అంది టైలరమ్మ మెల్లగా.

కోడలి చెయ్యి స్విచ్చి మీదే ఉండిపోయింది.

"అయితే ఇందాక చీకటిని పట్టుకుని అంతసేపు మెచ్చుకున్నానన్నమాట." టైలరమ్మ నవ్వింది. ఆ నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయింది. "నాకేం తెలుసు! దారిపొడుగునా వాడే చెప్పుకొచ్చాడు, అక్కా కౌంటరు పెట్టారు, అక్కా అద్దం పెట్టారు అని. అదే అప్పజెప్పాను."

"ఇప్పుడు... ఇప్పుడు చూడండి. దీపముంది."

టైలరమ్మ మళ్లీ కన్ను ఆనించింది. ఈసారి చాలాసేపు ఉంచింది.

"పచ్చగా ఏదో ఉంది. పొగలో నిమ్మకాయలా. అంతేనమ్మా." తల ఎత్తింది. "బయల్దేరేటప్పుడు అనుకున్నాను. భూతద్దమట, దీపమట, నా మిషనొక్కటైనా ఆనకపోతుందా అని. ఆశ చూడు, ముసలిదానికి."

"మీ తమ్ముడుగారికి తెలీదా అండీ?"

"మసకని తెలుసు. ఆ మసక కూడా పోయి, వెలుతురు తప్ప ఏమీ ఆనక నాలుగు నెలలైందని తెలీదు. మోకాళ్లంటూ వాడి చెయ్యి పట్టుకుంటున్నాను. నా మోకాళ్లకేం, గుర్రానికున్నట్టున్నాయి."

"చెప్పొచ్చు కదండీ."

"చెబితే రేపే పని మానేసి నా పక్కన కూర్చుంటాడు. స్టవ్వు ముట్టనివ్వడు, మెట్లు దిగనివ్వడు, మంచం మీద బొమ్మలా కూర్చోబెట్టి తినిపిస్తాడు. ఇంట్లో పనంతా నేనే చేసుకుంటున్నాను తెలుసా? అడుగులు లెక్కపెట్టుకుని, వాసన చూసుకుని. వాడు మంచివాడమ్మా, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే ఎప్పుడో చెప్పేసేదాన్ని."

కోడలికి ఏం చెయ్యాలో తోచలేదు. తోచనప్పుడు చేతికి అందిన పని చేసేసే మనిషి ఆమె. పెట్టె కప్పు పట్టుకుని పైకి లాగేసింది. టైలరమ్మ చెయ్యి అందుకుని, ఆ ఇంటి ఒకే ఒక్క చట్టం కళ్లముందే విరుగుతుండగా, ఆ చెయ్యి తీసుకెళ్లి కౌంటరు మీద పెట్టింది.

"అరె!" టైలరమ్మ ముఖం విచ్చుకుంది. ఇందాకటి 'అబ్బ'కీ ఈ 'అరె'కీ పోలికే లేదు. "బల్ల! ఇవి రీళ్లు. ఇది టేపు కదూ!" వేళ్లు గబగబా లోపలికి నడిచాయి. నడిచి, ఆగాయి.

"ఇదేంటి, నేల ఎక్కుతోంది? గోడలేంటి ఇలా మీదకొస్తున్నాయి? బీరువాలో తానులేవీ... బల్లపరుపుగా ఉందే?" అవి రంగుతో వేసినవి. "నా మిషనేది?"

"అక్కడేనండీ. మీ వేలి కింద."

"ఇదా? ఏదో పురుగేమో అనుకున్నాను."

టిక్‌మని చిన్న చప్పుడైంది. శనగగింజంత మిషను విరిగింది.

టైలరమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. "పని మంచిదే అయ్యుంటుందమ్మా. వాడు ఏడ్చాడు కదా. కానీ నా షాపుని కూలగొట్టారనే తెలుసు నాకు. ఇలా నలిపేశారని తెలీదు."

గుమ్మంలో గడ్డి పట్టుకుని అత్తగారు నిలబడి ఉంది.

ఎప్పుడొచ్చిందో తెలియదు. కోడలు చచ్చాన్రా దేవుడా అనుకుంది. అత్తగారు మాత్రం కప్పు తీసిన పెట్టెని చూడలేదు, విరిగిన మిషనునీ చూడలేదు. టైలరమ్మ వేళ్ల వైపే చూస్తోంది. అవి ఇప్పుడు ఒళ్లో ఉన్నాయి. అయినా ఇంకా దేన్నో వెతుకుతున్నట్టు కదులుతున్నాయి.

"వదినగారూ" అంది చివరికి. "మీ షాపు గుమ్మం నుంచి మిషను దాకా ఎన్ని అడుగులు?"

"పన్నెండు" అంది టైలరమ్మ వెంటనే. "అద్దం దగ్గరికి తొమ్మిది."

బయట బండి ఆగింది. తమ్ముడు సంబరంగా లోపలికి వచ్చేసరికి కప్పు పెట్టె మీదుంది, అత్తగారు దాని పక్కనుంది.

"పెట్టె ఇవాళ ఇవ్వడం లేదు. మిషను విరిగింది. నా చెయ్యే తగిలింది."

"చిన్నదే కదండీ, పర్లేదు, ఇలాగే..."

"విరిగిన పని నా గుమ్మం దాటదు నాయనా. ఇరవై రోజులు ఆగు."

* * *

వాళ్లు వెళ్లాక కోడలు అంతా చెప్పేసింది. దీపం మర్చిపోయిన సంగతితో సహా.

"నువ్వు దీపం వేసుంటే ఆవిడ మెచ్చుకోళ్లన్నీ మూటగట్టుకుని నేనీపాటికి ఊరేగుతుండేదాన్ని" అంది అత్తగారు. తిట్టో మెప్పో తేలలేదు. "చేతికి కడదాం. దగా లేకుండా. కానీ ఒక సంగతి ఆలోచించావా? బెజ్జం లేని పెట్టె చూస్తే ఆ తమ్ముడికి తెలిసిపోదూ?"

కోడలు ఆలోచించలేదు. మర్నాడు మెకానిక్ పనికి వెళ్లాక ఆమె టైలరమ్మ ఇంటికి వెళ్లింది. టైలరమ్మ స్వయంగా తలుపు తీసి, టీ పెట్టి, చుక్క ఒలక్కుండా కప్పు తెచ్చి చేతికిచ్చింది. విషయం విని, ఒళ్లో ఉన్న తువ్వాలు అంచుకి అంచు కలిపి మడతపెట్టింది. మడత విప్పి మళ్లీ పెట్టింది.

"వాడికి తెలియకూడదు. నా షాపు నాక్కావాలి."

"రెండూ కుదరవండీ" అంది కోడలు. అంత నిక్కచ్చిగా అనగలనని ఆమెకే తెలియదు.

"నీకు పెళ్లై ఎన్నాళ్లైంది?"

"యాభై ఎనిమిది రోజులు."

"ఇంకా లెక్కపెడుతున్నావా! మంచిదే." టైలరమ్మ నవ్వి, మడతపెట్టిన తువ్వాలు పక్కన పెట్టింది. "కట్టండమ్మా. చీకటిని రెండోసారి మెచ్చుకునే ఓపిక నాకు లేదు. వాడికి నేనే చెప్పుకుంటాను."

అప్పుడు మొదలైంది అసలు తంటా. నలభై ఏళ్లు కళ్లని మోసం చేసిన అత్తగారికి చేతుల్ని ఒప్పించడం ఎలాగో తెలియలేదు. కొత్త పెట్టె ట్రంకుపెట్టంత. నేల చదునుగా, గోడలు నిలువుగా, మిషను దోసెడంత. తొక్కితే చక్రం తిరగాలి. అత్తగారు అలవాటు కొద్దీ బీరువాకి చెక్కచారలు వేసి, కళ్లు మూసుకుని తడిమి, "ఏముంది దీని మొహం, అద్దానికీ దీనికీ తేడాయే లేదు, అంతా రంగే!" అని కుంచె విసిరికొట్టింది.

ఇక పరీక్షలు. వంతులవారీగా కళ్లకి జేబురుమాలు కట్టుకుని బల్లమీద వస్తువులు తడిమి చెప్పడం. కోడలు కట్టుకుంటే నవ్వాపుకోలేక రుమాలు జారిపోయేది. కొడుకు కట్టుకుంటే ఏ వస్తువూ గుర్తుపట్టలేకపోయేవాడు, చాలా సేపు తడిమేవాడు.

"ఒరేయ్, బల్ల మీదున్నవి చూడరా" అంది అత్తగారు తల ఎత్తకుండానే. "పెళ్లాం చెయ్యి ఎలాగుంటుందో తర్వాత తెలుసుకుందువుగాని."

బీరువాలో తానుల కోసం కోడలు తెచ్చిన గుడ్డముక్కలు మరో చిక్కు. అసలైన ముతకగుడ్డని వేలెడంత చేసి చుడితే అట్టముక్కలా అనిపించింది. దానికన్నా పల్చటి, మెత్తటి గుడ్డ చుడితేనే చేతికి ముతకగుడ్డ తానులా తోచింది. అత్తగారు మూడుసార్లు కళ్లు మూసుకుని తడిమింది. తర్వాత ముఖం చేటంత చేసుకుని, "దొరికింది! చేతికీ దగా ఉందర్రా!" అని కేకపెట్టింది. ఆ రోజు నుంచి ఆమె నిద్రలో కూడా వేళ్లు కదుపుతోందని కొడుకు చెప్పాడు. అద్దానికి అద్దమే పెట్టారు, చల్లగా తగలాలని. చిన్న గదికి ఉంగరాల మీద జరిగే తెర. గుమ్మం రాయి అరిగిపోయి ఉండేదని టైలరమ్మ చెబితే కోడలు దాన్ని గరుకు కాగితంతో రెండు రోజులు అరగదీసింది. అన్నేళ్ల కాళ్ల పని రెండు రోజుల్లో చేశానని మొగుడి దగ్గర గొప్పలు పోయింది.

పాత పెట్టెని అత్తగారు కిటికీ పక్కన పెట్టి గుడ్డ కప్పింది. దాని ఊసెత్తలేదు.

* * *

ఇరవయ్యో రోజున అక్కాతమ్ముళ్లు వచ్చారు. టైలరమ్మ మోకాళ్లు ఇంకా నొప్పిగానే ఉన్నాయి. ఆ నడక చూడగానే కోడలికి అర్థమైంది, చెప్పలేదని.

మెకానిక్ కొత్త పెట్టె చూసి, "ఇంత పెద్దదా!" అన్నాడు. దాని ముందు వంగాడు. కుడివైపు వెతికాడు, ఎడమవైపు వెతికాడు. కప్పు లేదు, ముందుపలక లేదు, అన్నీ బయటికే ఉన్నాయి.

"చూసే బెజ్జం ఏదమ్మా?"

కోడలు అత్తగారిని చూసింది. అత్తగారు టైలరమ్మని చూసింది.

"బెజ్జం అక్కర్లేదురా" అంది టైలరమ్మ. తమ్ముడి చెయ్యి వదిలేసి, స్టూలు ఎక్కడుందో కాలితో తెలుసుకుని కూర్చుంది. కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. రెండు చేతులూ చాచి, అరిగిన గుమ్మం మీద పెట్టింది.

వేళ్లు లోపలికి నడిచాయి. ఒకటి, రెండు, మూడు అని ఆమె పెదవులు లెక్కపెడుతున్నాయి. కౌంటరు. తానులు. ఒక్కో తాను దగ్గరా ఆగి, వేళ్ల మధ్య అంచు నలిపి చూసింది. తెర పక్కకి లాగింది, మళ్లీ వేసింది. అద్దం తగిలినప్పుడు చెయ్యి ఉలిక్కిపడి మళ్లీ వెళ్లింది. మిషను దగ్గరికి చేరాక, చూపుడువేలితో పెడల్ తొక్కింది. చక్రం తిరిగింది.

తమ్ముడు ఆమె చేతుల్ని చూస్తున్నాడు. కాసేపటికి ఆమె ముఖం చూశాడు. తర్వాత కిటికీ పక్కన గుడ్డ కప్పిన పాత పెట్టెని చూశాడు.

"ఆ రోజు నువ్వు చూసిందంతా..."

"నువ్వు చెప్పిందే చెప్పాన్రా. బాగానే చెప్పావు. నాకు బాగానే కనిపించింది."

"ఎప్పట్నించి అక్కా?"

"అయింది కొన్నాళ్లు. ఇప్పుడు లెక్కలొద్దు, పనిలో ఉన్నాను." ఆమె తొక్కడం ఆపలేదు. "ఏడుపొస్తే ఏడువు, కానీ దూరంగా. షాపు తడుస్తుంది."

అతను ఏడుస్తూనే పక్కకి వచ్చి, ఆమె మోచెయ్యి పట్టుకుని దారి చూపబోయాడు. టైలరమ్మ రెండో చేత్తో ఒక్కటిచ్చింది.

"నా షాపులో నాకు దారి చూపిస్తావా!"

అత్తగారికి నవ్వాగలేదు. కోడలు మొగుడి చొక్కా పట్టుకుని నిలబడింది, గట్టిగా.

టైలరమ్మ వేళ్లు మిషను మీంచి దిగి నేల తడిమాయి. కౌంటరు కింద, కుర్చీ చుట్టూ, అద్దం ముందు. కనుబొమలు ముడిపడ్డాయి.

"అంతా బాగుంది వదినగారూ. కానీ ఇది నా షాపు కాదు."

అత్తగారి ముఖంలో నెత్తుటిచుక్క లేదు.

"ఇంత శుభ్రంగా నా షాపు ఏనాడుంది? గుడ్డముక్కలేవీ? నా కాళ్లకి అవి చుట్టుకోకుండా నేనెప్పుడు నడిచాను?"

అత్తగారు నుదురు కొట్టుకుంది. మూడు రోజులు కూర్చుని మొదటి పెట్టె నేల మీద రంగుతో ఆ ముక్కలు దిద్దిన మనిషి, రంగు వదిలేయడంతో పాటు ముక్కల్నీ వదిలేసింది! "నా బుద్ధి గడ్డి తిన్నది! ఉండండి, ఇప్పుడే..."

"మీరొద్దు" అంది టైలరమ్మ. "ఏ షాపు ముక్కలు ఆ షాపు టైలరే కొయ్యాలి. గుడ్డ ఉందా? ఒరేయ్, కత్తెర ఇలా ఇవ్వు."

కత్తెర బల్ల మీద ఉంది, తమ్ముడి చేతికి దగ్గరగా. సన్నటి పనికి సానపట్టిన కత్తెర, మొనలు మెరుస్తున్నాయి. అతను దాన్ని తీసుకున్నాడు. తీసుకుని, ఇవ్వలేదు. మొనలు చూశాడు, అక్క కళ్లు చూశాడు.

"నేను కోసి పెడతాన్లే అక్కా. నువ్వు చెప్పు, ఎలా కావాలో."

టైలరమ్మ అరచెయ్యి పైకి తిప్పి, చాచి, అలాగే ఉంచింది. మిషను పక్కనున్న రెండో చెయ్యి కూడా ఆగిపోయింది. ఎవరూ కదల్లేదు. కోడలికి మాత్రం ఆ కత్తెర లాక్కుని తానే ఇచ్చేయాలనిపించింది. మొగుడు ఆమె మణికట్టు పట్టుకుని ఆపాడు.

మెకానిక్ కత్తెరని గుప్పిట్లో తిప్పాడు. మొనలు తన అరచేతిలోకి వచ్చేలా పట్టుకుని, ఉంగరాల వైపు అక్క చేతిలో పెట్టాడు. పెట్టాక కూడా ఒక్క క్షణం వదల్లేదు. తర్వాత వదిలేశాడు.

కోడలు పాత చొక్కాగుడ్డ తెచ్చి అందించింది. టైలరమ్మ అంచు వెతికి, నేత ఎటుందో గోటితో గీసి చూసుకుని, కత్తిరించడం మొదలుపెట్టింది. కరకరకర. గోరంత ముక్కలు, ఈకల్లా సన్నటివి, వంకరవి, కోణాలవి, కాలర్ల దగ్గర మిగిలేవి, చంకల దగ్గర మిగిలేవి. ఒళ్లో పోగవుతున్నాయి.

"ఊరికే నించున్నావేం?" అంది తమ్ముడితో, చెయ్యి ఆపకుండానే. "తీసుకెళ్లి చల్లు. కౌంటరు ముందు వద్దు, అక్కడ కస్టమర్లు నించుంటారు. మిషను కింద ఎక్కువ వెయ్యి."

మెకానిక్ ముక్కలు దోసిట్లోకి తీసుకున్నాడు. గ్రీజు అంటిన ఆ పెద్దవేళ్లతో ఒక్కొక్క ముక్కే పట్టుకుని, మిషను కింద జాగ్రత్తగా వరసగా పెట్టసాగాడు.

"పేర్చకురా" అంది టైలరమ్మ. "రాలనివ్వు."